అద్దె కాగితాలు అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల పరీక్షలు అయిపోయి బడులకు సెలవులిచ్చే రోజులొస్తే మన విశాఖలో ఇళ్లు మారడం మొదలవుతుంది. ఎంవీపీ కాలనీ నుంచి పెందుర్తి దాకా గేట్లకు టులెట్ బోర్డులు వేలాడతాయి, సామాన్ల ఆటోలు తిరుగుతాయి, ఆషాఢం రాకముందే కొత్తింట్లో పాలు పొంగించేయాలని అందరికీ కంగారు. ఆ కంగారులోనే స్టాంపు కాగితం మీద టైపు చేసిన అగ్రిమెంటు ఒకటి ముందుకొస్తుంది. అది దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటుంది, టైపు చేసే షాపులో పేర్లూ అద్దే మార్చి అందరికీ అదే ఇస్తారు, ఓనరూ చదవరు, అద్దెకొచ్చినవాళ్లూ చదవరు, చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి గొడవ. అడ్వాన్సు ఇవ్వలేదని ఒకరు, చెప్పకుండా ఖాళీ చేశారని ఇంకొకరు.

మాకు మర్రిపాలెంలో అమ్మానాన్నల ఇల్లుంది, కింద పోర్షన్ అద్దెకిస్తాం. నేను మాత్రం ఉద్యోగం దగ్గరని మధురవాడలో అద్దెకుంటున్నాను. అందుకని ఓనర్లు పడే టెన్షనూ తెలుసు, అద్దెకున్నవాళ్లు పడే టెన్షనూ తెలుసు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం మోసం వల్ల వచ్చినవి కావు. ఒప్పందంలో ఉన్న ముక్కలకు చట్టంలో అర్థం ఏమిటో ఇద్దరికీ తెలియక వచ్చినవే. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడవైనా దయచేసి వేయండి.

ముందు, అగ్రిమెంట్లన్నీ 11 నెలలకే రాసే సంగతి. ఎందుకు 11 అని ఎవర్నడిగినా "అందరూ అంతే రాస్తారు" అంటారు. అసలు కారణం రిజిస్ట్రేషన్. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలన్నది మొదటి నుంచీ ఉన్న రూలు, మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ తర్వాత ఏడాదిలోపు లీజు కాగితానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. ఆ ఖర్చూ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడమూ తప్పించుకోడానికే 11 నెలలని రాసే అలవాటు వచ్చింది. అంతకుమించి అందులో మహత్తు ఏమీ లేదు. 12వ నెల రాగానే అద్దెకున్నవాళ్లు దొంగల్లా మారిపోరు, తాళం వేసి బయటికి పంపే హక్కు ఓనరుకూ రాదు. గడువు అయిపోయాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, అది నెల నెలా సాగే అద్దె కిందికి మారుతుందని అదే ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ చెబుతోంది. మన ఊళ్లో ఇళ్లు చాలావరకు నడుస్తున్నది ఇలాగే, పాత కాగితం బీరువాలో ఉంటుంది, అద్దె ఫోన్‌పేలో వెళ్తూ ఉంటుంది.

ఇంకో సంగతి, నోటరీ చేయించడం అంటే రిజిస్టర్ చేయించడం కాదు. మూడేళ్లకు అగ్రిమెంటు రాసుకుని, నోటరీ ముద్ర కొట్టించుకుని ధైర్యంగా ఉన్నవాళ్లను చూశాను. రేపు కోర్టుకెళ్తే రిజిస్టర్ కాని ఆ కాగితంలోని గడువునూ షరతులనూ రుజువుగా తీసుకోరు, ఫలానావాళ్లు ఆ ఇంట్లో ఏ హోదాలో ఉన్నారన్న లాంటి పక్క విషయాలకు మాత్రం చూస్తారు. మూడేళ్లు ఉండాలనుకుంటే, మధ్యలో ఖాళీ చేయించకూడదని నమ్మకం కావాలంటే, రిజిస్టర్ చేయించుకోవడమే దారి. షాపులు అద్దెకు తీసుకుని లక్షలు పెట్టి ఫర్నిచర్ చేయించేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

నోటీసు దగ్గర జరిగే గొడవలు అన్నిటికన్నా ఎక్కువ. ఒప్పందంలో ఒక నెల అనో రెండు నెలలనో రాసుకుంటే అదే చెల్లుతుంది. ఏమీ రాసుకోకపోతే, ఇల్లయితే నెలవారీ అద్దె కింద లెక్కేసి 15 రోజుల నోటీసు చాలంటుంది ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్. ఈ 15 రోజులు ఇద్దరికీ వర్తిస్తాయి. ఓనరు ఖాళీ చేయమన్నా అంతే, మనం వెళ్లిపోతామన్నా అంతే. నోటీసు రాతలో ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి, పోస్టులో పంపాలి లేదా చేతికివ్వాలి లేదా ఇంట్లోవాళ్లకివ్వాలి, అదీ కుదరకపోతే ఇంటికి కనబడేచోట అంటించాలి. మెట్ల మీద ఎదురైనప్పుడు "వచ్చే నెల చూసుకోండమ్మా" అనడం నోటీసు కాదు. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ తర్వాత రుజువుగా పనికొస్తుందేమో కానీ దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు, ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చి, తీసుకున్నట్టు రెండో కాపీ మీద సంతకం తీసుకుంటే సరిపోయేదానికి జనం ఎందుకంత మొహమాటపడతారో తెలీదు.

ఇక్కడ మన ఆచారం కూడా కలుస్తుంది. జూన్‌లో నోటీసు ఇస్తారు, ఈలోపు ఆషాఢమో మూఢమో వస్తుంది, శ్రావణం దాకా ఇల్లు కదలం అంటారు. ఓనరు అప్పటికే ఇంకొకరి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. ముహూర్తాలు చూసుకోవడం తప్పని నేననను, మేమూ చూసుకుంటాం. నోటీసు ఇచ్చే ముందే పంచాంగం చూసి, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని కాగితం మీద తేదీ వేసి ఇస్తే చాలు.

నోటీసు ఇచ్చినా ఖాళీ చేయకపోతే ఏం చేయాలి? కోర్టుకు వెళ్లాలి, అంతే. కరెంటు పీకేయడం, మోటారు ఆపేసి నీళ్లు రాకుండా చేయడం, ఊరెళ్లినప్పుడు తాళం మార్చేయడం, ఇవేవీ చట్టం ఒప్పుకోదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలోనే ఓనరు సదుపాయాలు ఆపకూడదని ఉండేది. బలవంతంగా బయటికి నెట్టేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంట్లోకి తిరిగి రావచ్చు, అక్కడ ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు, చట్టప్రకారం కాకుండా బయటికి పంపారా లేదా అన్నదే చూస్తారు. మా వీధిలో ఒకాయన ఖాళీ చేయించమని పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ తగాదా, కోర్టులో తేల్చుకోండని పంపేశారు. ఆయనకు కోపమొచ్చింది కానీ స్టేషన్‌లో చెప్పింది సరైన మాటే. ఓనర్లవైపు బాధ కూడా చెప్పాలి. కోర్టులో దావా తేలేసరికి ఏళ్లు పడుతుంది, రిటైరైన మనిషికి ఆ అద్దే మందులకు ఆధారం. అద్దె కట్టకుండా, ఖాళీ చేయకుండా కూర్చున్నవాళ్ల వల్లే నలుగురు మంచివాళ్లకు ఇల్లు దొరకడం కష్టమవుతోంది. బ్రహ్మచారులకు ఇవ్వం, ఫలానావాళ్లకు ఇవ్వం అని మనుషుల్ని చూసి తలుపు వేసే అలవాటుకు మాత్రం అది సాకు కాకూడదు.

ఓనర్లకు ఉన్న పెద్ద భయం 12 ఏళ్లది. "పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందట" అని మా నాన్నగారికి కూడా ఎవరో చెప్పారు. ఈ ఒక్క అపోహ వల్ల ప్రతి ఏడాదీ మంచి కుటుంబాలను ఖాళీ చేయించేవాళ్లున్నారు, పిల్లలు బడులు మారుతున్నారు. అద్దెకున్నవాళ్లు ఓనరు అనుమతితో ఉన్నవాళ్లు, అద్దె కడుతూ ఎన్నేళ్లున్నా అది వాళ్ల సొంతం కాదు. అద్దెకు దిగినవాళ్లు, ఆ ఇంట్లో ఉంటూనే, ఇల్లు ఇచ్చిన మనిషికి దాని మీద హక్కే లేదని వాదించడానికి సాక్ష్య చట్టమూ ఒప్పుకోదు. అద్దె ఒప్పందం ముగిసిపోయి, అద్దె కూడా రాకుండా, 12 ఏళ్లపాటు ఓనరు కోర్టు గడప తొక్కకుండా ఊరుకుంటే అప్పుడు చిక్కు వస్తుంది. అమెరికాలో ఉండి ఇక్కడి ఇంటి సంగతి పట్టించుకోనివాళ్లు దాని గురించి ఆలోచించాలి, నెల నెలా అద్దె తీసుకుంటున్నవాళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

ఇప్పుడు అడ్వాన్సు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసానికైతే రెండు నెలల అద్దె, వ్యాపారానికైతే ఆరు నెలల అద్దె మించి డిపాజిట్ తీసుకోకూడదని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంలోకి తెచ్చుకుంటేనే చెల్లుతుంది. అయినా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అదొక మంచి కొలత. అదే నమూనాలో, ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని, పొద్దున 7కు ముందూ రాత్రి 8 తర్వాతా రాకూడదని కూడా ఉంది. మా ఆఫీసులో ఒంటరిగా ఉండే అమ్మాయిలు ఈ ఒక్క షరతు తమ అగ్రిమెంటులో ఉంటే ఎంత బాగుండునని అంటుంటారు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఒప్పందంలో రాసుకుంటే చాలు.

అడ్వాన్సు తిరిగిచ్చే రోజు రంగుల ఖర్చని, అదని ఇదని కోస్తారు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెకున్నవాళ్లు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మాత్రం మినహాయింపు. మన ఊరికి ఈ మినహాయింపు ముఖ్యం. సముద్రం గాలికి కిటికీ ఊచలు తుప్పు పడతాయి, బాల్కనీ గ్రిల్లు పెచ్చులూడుతుంది, ఫ్యాను రెక్కలు మచ్చలు పడతాయి, ఋషికొండ వైపు ఇళ్లలో అయితే మరీను. అది అద్దెకున్నవాళ్లు పాడు చేసింది కాదు. గోడకు పెద్ద రంధ్రాలు కొట్టడం, సింకు పగలగొట్టడం వేరు, వాటికి డబ్బు కోసుకుంటే అడగడానికి లేదు. రంగుల ఖర్చు ఇంత అని ముందే ఒప్పుకుని రాసుకుంటే అది ఇవ్వాల్సిందే, రాసుకోకుండా చివర్లో కోయడమే అన్యాయం. తాళం తీసుకున్న రోజే ప్రతి గదీ, ప్రతి కుళాయీ, కరెంటు మీటరు రీడింగూ ఫోన్‌లో ఫొటోలు తీసి ఓనరుకు పంపేస్తే ఈ గొడవలో సగం ఉండదు. కొందరు అద్దెకున్నవాళ్లు చివరి రెండు నెలలు అద్దె ఎగ్గొట్టి "అడ్వాన్సులో పట్టేసుకోండి" అంటారు, ఒప్పందంలో లేకపోతే అది కూడా అడ్డదారే.

అన్నిటికన్నా ఎక్కువగా రాయాలనుకున్నది "లీజు ఇల్లు" గురించి. గాజువాక, కూర్మన్నపాలెం, గోపాలపట్నం వైపు ఈ పద్ధతి చాలా ఉంది. మూడు లక్షలో ఐదు లక్షలో ఒకేసారి ఓనరు చేతిలో పెడతారు, నెల అద్దె ఉండదు, రెండేళ్లో మూడేళ్లో అయ్యాక మొత్తం తిరిగిస్తారు. అద్దె బాధ లేదని కూడబెట్టిన డబ్బో, పీఎఫ్ డబ్బో, అమ్మాయి పెళ్లికి దాచిందో తెచ్చి పెట్టేస్తారు. చేతికొచ్చేది మాత్రం 100 రూపాయల స్టాంపు కాగితం. చట్టం కంటికి ఇది చాలావరకు అద్దె కాదు, ఇల్లు చేతిలో పెట్టుకుని అప్పు ఇవ్వడం, అంటే స్వాధీన తనఖా లాంటిది. 100 రూపాయలు, ఆపైన ఉన్న అలాంటి తనఖా ఏదైనా ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్ అయి ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షన్ అంటుంది. లక్షలు ఇచ్చి రిజిస్టర్ చేయించుకోకపోతే ఆ ఇంటి మీద ఏ హక్కూ నిలబడదు, ఓనరు డబ్బు తిరిగివ్వకపోతే మామూలు అప్పులాగా దావా వేసుకోవాల్సిందే.

దీనికి తోడు ఆ ఇంటి మీద బ్యాంకు రుణం ఉంటే పరిస్థితి ఇంకా దారుణం. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే డబ్బంతా పెట్టి చేరారు, కొన్నాళ్లకు తలుపు మీద బ్యాంకు నోటీసు అంటించి ఉంది. ఓనరు వాయిదాలు కట్టడం మానేసి చాలా కాలమైంది. బ్యాంకులు మొండి బకాయిలు వసూలు చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. నోటీసు వచ్చాక బ్యాంకు అనుమతి లేకుండా ఓనరు ఆ ఇంటిని లీజుకివ్వడం కూడా కుదరదు. రిజిస్టర్ కాని కాగితంతో ఉన్నవాళ్ల మాట బ్యాంకు ముందు చాలా బలహీనం. ఆ ఇంటావిడ నిలువునా కూలిపోయింది, ఇంట్లోంచి వెళ్లాలి, డబ్బు కోసం మళ్లీ ఓనరు వెంట పడాలి. కాబట్టి లీజు డబ్బు ఇచ్చే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కానీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి కానీ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం) తీసుకోండి. రుణాలన్నీ ఈసీలో కనబడతాయన్న హామీ లేదు, కాబట్టి ఒరిజినల్ దస్తావేజు చూపించమని అడగండి. ఒరిజినల్ బ్యాంకులో ఉందంటే రుణం ఉన్నట్టే. అడిగితే కోపం తెచ్చుకునే ఓనరుకు లక్షలు ఇవ్వకండి. ఓనరు వయసు మళ్లినవారైతే పిల్లల సంతకాలు కూడా తీసుకుంటే రేపు వారసులతో తగాదా తగ్గుతుంది. ఇదంతా అనుమానం అనుకోకండి, జీవితకాలం పొదుపు గురించి మాట్లాడుతున్నాం.

మరమ్మతుల గురించి కొంచెం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అద్దాలు పగిలిపోయిన ఇళ్లలో అవి ఎవరు వేయించాలని ఎన్ని తగువులయ్యాయో మనందరికీ గుర్తుంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద లాంటి వాటివల్ల ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా నాశనమైతే, లేదా అద్దెకు తీసుకున్న పనికి ఇక పనికిరాకుండా శాశ్వతంగా పాడైతే, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అద్దెకున్నవాళ్లకు 108వ సెక్షన్‌లోనే ఉంది. అద్దాలు పగలడం అంత దూరం రాదు, అక్కడ ఒప్పందంలో ఏం రాశారన్నదే తేలుస్తుంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయించకపోతే, మనమే చేయించి ఖర్చును అద్దెలో తగ్గించుకోవచ్చనీ అదే సెక్షన్ చెబుతుంది. కానీ ఏది ఓనరు చేయించాల్సింది అన్నది రాసుకోకపోతే ప్రతి లీకేజీ ఒక పంచాయితీ. స్లాబు, పైపులు, వైరింగు ఓనరువి, బల్బులు, కుళాయి వాషర్లు ఉండేవాళ్లవి, ఇంటి పన్ను ఓనరుది, కరెంటు బిల్లు ఉండేవాళ్లది, అపార్టుమెంటు మెయింటెనెన్స్ ఎవరిదో స్పష్టంగా, అని నాలుగు లైన్లు రాసుకోడానికి లాయరు కూడా అక్కర్లేదు. సబ్ మీటరు ఉంటే యూనిట్‌కు ఎంత అన్నది కూడా ఆ లైన్లలోనే పెట్టండి.

ఇల్లు అమ్మేస్తే అద్దెకున్నవాళ్లు వెంటనే వెళ్లిపోవాలన్నదీ అపోహే. కొన్నవాళ్లు పాత ఓనరు స్థానంలోకి వస్తారు, ఒప్పందం అలాగే నడుస్తుంది. అమ్మిన సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టేస్తే మళ్లీ కట్టక్కర్లేదు, తెలిశాక మాత్రం కొత్తవాళ్లకే కట్టాలి. సబ్‌లీజుకు ఇవ్వకూడదని ఒప్పందంలో ఉంటే ఇవ్వకూడదు, ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం పాత అద్దె చట్టంలో ఖాళీ చేయించడానికి ఒక కారణం కూడా. ఇక హాస్టళ్లు, పీజీల సంగతి వేరు. ద్వారకానగర్‌లో కోచింగ్‌కు వచ్చే పిల్లలకు మంచానికి ఇంత అని ఇచ్చేది సాధారణంగా లీజు కాదు, లైసెన్సు, అంటే ఉండటానికి అనుమతి మాత్రమే, గది వాళ్ల స్వాధీనంలోకి రాదు. అక్కడ కట్టిన డిపాజిట్‌కూ నెల మధ్యలో మానేస్తే వచ్చేదానికీ రసీదు మీద రాయించుకోవడం ఒక్కటే రక్ష. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు దయచేసి ఆ రసీదు అడగండి.

పాత అద్దె చట్టం కింద తగాదాలు విచారించే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. 1960 చట్టం, 2005 సవరణ తర్వాత, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించలేదు. ఇప్పుడు జీవీఎంసీ, అంటే మన విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో ఆ లోపు అద్దెకు ఒక్క గది దొరకడమే కష్టం. అందుకే ఇన్నాళ్లూ ఎక్కువమంది తగాదాలు ఆస్తి బదిలీ చట్టం కింద సివిల్ కోర్టులకే వెళ్లాయి. పాత చట్టం స్థానంలో నివాస, నివాసేతర భవనాల అద్దెలకు 2017 చట్టం పేరుతో రాష్ట్రం కొత్త చట్టం చేసింది, అందులోనూ రాతపూర్వక ఒప్పందానికే పెద్ద పీట. మీ కేసు ఎక్కడికి వెళ్తుందో ఫీజు కట్టే ముందే లాయరును అడగండి.

లాయరుకు డబ్బు లేనివాళ్లకు దారి ఉంది, అది చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, పేదలకు ఆదాయ పరిమితిని బట్టి వస్తుంది. మన జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అడ్వాన్సు లాంటి తగాదాలు కోర్టుకెక్కక ముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, ఇద్దరూ ఒప్పుకుని తేల్చుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

నా విన్నపం రెండు చోట్లకు. న్యాయసేవాధికార సంస్థ వారు తేలిక తెలుగులో ఒక నమూనా అద్దె ఒప్పందం తయారుచేసి, స్టాంప్ వెండర్ల దగ్గరా, వార్డు సచివాలయాల్లోనూ ఉచితంగా అందుబాటులో పెట్టాలి. గడువు, నోటీసు, అడ్వాన్సు తిరిగిచ్చే రోజు, కోతలు, మరమ్మతులు, ఓనరు ఇంట్లోకి వచ్చే వేళలు, ఇవన్నీ రెండు పేజీల్లో సరిపోతాయి. మీ పత్రిక కూడా ఏప్రిల్, మే నెలల్లో విశాఖ ఎడిషన్‌లో వారానికొకసారి ఒక లాయరు చేత పాఠకుల అద్దె సందేహాలకు జవాబులు రాయించండి, మొదటి వారం లీజు ఇళ్ల గురించే వేయించండి.

ఇట్లు,
మర్రిపాలెం నుంచి ఒక పాఠకురాలు,
విశాఖపట్నం